లెక్క అడిగే చదువు

"ఆడపిల్లకి లెక్కలెందుకండీ? పాలవాడి పద్దూ, చాకలి పద్దూ రాసుకోవడం వస్తే చాలదూ?" అనే మాట మన ఇళ్ళల్లో ఎన్ని తరాలపాటు వినిపించిందో! తమాషా ఏమిటంటే, ఆ మాట అన్న ఇంట్లోనే నెలాఖరుకి వంద రూపాయలు తక్కువైతే అవి ఎక్కడ జారిపోయాయో కనిపెట్టి చెప్పేది ఇల్లాలే. ఆవకాయకి కాయలెన్ని, కారమెంత, నూనె ఎంత అని పాళ్ళు కట్టేదీ ఆవిడే. పదిమందికి చేసే పులిహోర పాతికమందికి చెయ్యాల్సొస్తే చింతపండు ఎంత పెంచాలో ఆవిడకి త్రైరాశికం నేర్పి ఎవరూ చెప్పలేదు. అలాంటి మనిషి ముందు కాగితం మీద ఒక్క "ఎక్స్" రాసి చూపించండి, "అమ్మో, నాకు లెక్కలు రావు బాబూ!" అని లేచిపోతుంది.

రాకపోవడం వేరు, రానివ్వకపోవడం వేరు. రానివ్వకపోవడానికి పెద్ద చరిత్రే ఉంది. దాన్ని ఎదిరించినవాళ్ళకీ చరిత్ర ఉంది. అందులో ఒక మంచి అధ్యాయం అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో, సౌత్ హాడ్లీ అనే చిన్న ఊళ్ళో నడిచింది. ఆ అధ్యాయం పేరు మౌంట్ హోల్యోక్ కాలేజి.

అది లిబరల్ ఆర్ట్స్ కాలేజి. ఆ మాట వినగానే కథలూ, కవిత్వాలూ, బొమ్మలు వెయ్యడమూ కాబోలనుకుంటాం. కాదు. మనకి అరవై నాలుగు కళలున్నట్టే పాత యూరపులో చదువుకి ఏడు కళలుండేవి. వ్యాకరణం, తర్కం, వక్తృత్వం అని మూడు. అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళశాస్త్రం అని నాలుగు. "లిబరల్" అంటే స్వేచ్ఛ గల మనిషికి తగినది అని అర్థం. బానిసకి పని నేర్పితే సరిపోతుంది, స్వతంత్రుడికి ఆలోచన నేర్పాలి అనే లెక్కలో పుట్టిన మాట అది. ఆ ఏడింటిలోనూ గణితం మొదటినించీ పీట వేసుకుని కూర్చునే ఉంది. కనక "ఆడదానికి గణితం ఎందుకు?" అని అడిగినవాళ్ళు, తెలిసో తెలియకో, "ఆడది స్వతంత్రురాలా, కాదా?" అనే ప్రశ్నే అడిగారన్నమాట.

మౌంట్ హోల్యోక్ కంటే ముందు ఇంకో ఆవిణ్ణి తల్చుకోవాలి. ఎమ్మా విలర్డ్ అని, 1787లో పుట్టింది. వాళ్ళ ఇంట్లో ఉండి కాలేజీకి వెళ్ళే భర్తగారి మేనల్లుడి పుస్తకాలు తెరిచి, రేఖాగణితం తనంతట తనే నేర్చుకుంది. కుర్రాడికి కాలేజీలో చెప్పేదేమిటో, ఆడపిల్లలకి చెప్పనిదేమిటో అప్పుడు తెలిసొచ్చిందిట ఆవిడకి. 1819లో న్యూయార్క్ శాసనసభకి విన్నపం రాసింది, మగపిల్లల చదువుకి సర్కారు డబ్బిచ్చినట్టు ఆడపిల్లల చదువుకీ ఇమ్మని. సభవారు మెచ్చుకున్నారు గాని డబ్బు మాత్రం ఇవ్వలేదు. (మెచ్చుకోలుకి ఖర్చుండదు కదా!) చివరికి 1821లో ట్రాయ్ ఊరివాళ్ళు ముందుకొస్తే అక్కడ బడి పెట్టింది.

ఘనాకారాలు పాఠం చెప్పాలంటే ఆవిడ దగ్గర పరికరాలు లేవు. అందుకని టర్నిప్ దుంపలూ బంగాళాదుంపలూ కోసి శంకువులూ పిరమిడ్లూ చేసి చూపించేదిట! కూర తరిగే చేతికి అంతకన్నా దగ్గరి పాఠం ఏముంటుంది చెప్పండి? ఆవిడ శిష్యురాలు ఒకమ్మాయి పదిమంది ఎదటా రేఖాగణితంలో పరీక్ష ఇచ్చి నెగ్గితే, కొందరు పెద్దమనుషులు నమ్మలేదు. బట్టీ పట్టి ఉంటుందిలే అన్నారు. ఆడదాని బుర్రకి అర్థమయ్యే విషయం కాదని వాళ్ళ నమ్మకం.

ఆ నమ్మకాలున్న రోజుల్లోనే మేరీ లయన్ పెరిగింది. 1797లో మసాచుసెట్స్ కొండప్రాంతంలో, బక్లాండ్ అనే పల్లెలో పుట్టింది. ఐదేళ్ళకే తండ్రి పోయాడు. పదమూడో ఏట తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్తే, ఈ పిల్ల అన్నగారి దగ్గర ఉండిపోయి, ఇంటెడు చాకిరీ చేసింది. చేసినందుకు అన్నగారు వారానికి ఒక డాలరు ఇచ్చేవాడు. ఇంటిపనికి జీతం ముట్టిన ఆడపడుచు ఆ కాలంలోనే కాదు, ఈ కాలంలోనూ అరుదే! పదిహేడేళ్ళకి, అంటే 1814లో, బడిపంతులమ్మ అయింది. జీతం వారానికి 75 సెంట్లు, తిండీ వసతీ పిల్లల ఇళ్ళల్లో వంతులవారీగా. అంటే అన్నగారింట్లో అంట్లు తోమితే వచ్చినదానికన్నా పాఠాలు చెబితే వచ్చింది తక్కువన్నమాట.

సంపాదించిన ప్రతి సెంటూ చదువుకే పెట్టింది. కొన్నాళ్ళు పాఠం చెప్పడం, కూడబెట్టిన డబ్బుతో కొన్నాళ్ళు పాఠం నేర్చుకోవడం. లాటిన్ వ్యాకరణం పుస్తకం చేతికిస్తే కొద్దిరోజుల్లో మొత్తం అప్పజెప్పేసిందిట. అలా ఇరవయ్యేళ్ళు గడిచాక ఆవిడకి ఒక ఆలోచన గట్టిపడింది. ఆడపిల్లల బళ్ళు చాలానే ఉన్నాయి గాని, అవి ఎవరో ఒక పంతులమ్మ ఓపికమీద నడుస్తాయి. ఆవిడకి పెళ్ళయినా, జబ్బు చేసినా బడి మూతపడుతుంది. మగపిల్లల కాలేజీల్లాగా సొంత భవనమూ, ధర్మకర్తలూ, శాశ్వతమైన నిధీ ఉండాలి. ఫీజు మాత్రం రైతుబిడ్డ కూడా కట్టగలిగేలా ఉండాలి.

దీనికి డబ్బు ఎలా? ఆకుపచ్చ వెల్వెట్ సంచీ ఒకటి పట్టుకుని బయల్దేరింది. మొదటి వెయ్యి డాలర్లూ ఇప్స్‌విచ్ ఊళ్ళో తోటి టీచర్లూ, విద్యార్థినులూ, గృహిణులూ ఇచ్చినవే. తరవాత గుర్రబ్బండిలో ఊరూరా తిరిగింది. ఒంటరి ఆడది అలా బళ్ళెక్కి తిరగడమేమిటని విసుక్కున్నారు. కొందరు వందలిచ్చారు, కొందరు ఆరు సెంట్లిచ్చారు. ఆరు సెంట్లకీ ఆవిడ పద్దు రాసింది. కొందరు డబ్బుకి బదులు దుప్పట్లూ పరుపులూ కుట్టి ఇచ్చారు. 1837 నవంబరు 8న 80 మంది అమ్మాయిలతో మౌంట్ హోల్యోక్ సెమినరీ తలుపులు తెరిచింది. తిండీ వసతీ చదువూ కలిపి ఏడాదికి 60 డాలర్లు. మేరీ లయన్ తను తీసుకున్న జీతం ఏడాదికి 200 డాలర్లు.

ఇంతకీ ఏం చదివించారు? చేరడానికే అంకగణితంలో పరీక్ష పెట్టేవారు. చేరాక బీజగణితం, యూక్లిడ్ రేఖాగణితం, రసాయనశాస్త్రం, వృక్షశాస్త్రం, శరీరశాస్త్రం, చరిత్ర, తర్కం. పట్టా పుచ్చుకోవాలంటే సైన్సూ గణితమూ కలిపి ఏడు కోర్సులు పూర్తి చెయ్యాలి. అప్పట్లో ఆడపిల్లల బళ్ళల్లో కుట్లూ అల్లికలూ ఫ్రెంచి మాటలూ పియానో వాయించడమూ చదువుగా చెలామణీ అవుతున్నాయి. వాటి పక్కన యూక్లిడ్‌ని కూర్చోబెట్టడం ఎంత సాహసమో ఆలోచించండి. మేరీ లయన్ తను స్వయంగా రసాయనశాస్త్రం చెప్పేది. పుస్తకంలో చదివి ఊరుకోవడం కాదు, ప్రయోగం చేసి చూడాలనేది.

ఇక మనకి బాగా నచ్చే సంగతి చెబుతాను. అంత పెద్ద ఇంట్లో పనిమనుషులు లేరు! వంటా, గిన్నెలూ, చీపుళ్ళూ అన్నీ విద్యార్థినులే. ఫీజు తక్కువగా ఉండటానికి అదీ ఒక కారణం. ప్రతి అమ్మాయీ రోజుకి సుమారు ఒక గంట పని చెయ్యాలి. రొట్టెలు చేసే బృందం, గిన్నెలు కడిగే బృందం ఇలా విడదీసి, ఒక్కోదానికి ఒక నాయకురాల్ని పెట్టేవారు. 1847–48లో అక్కడ చదివిన ఎమిలీ డికిన్సన్, తరవాత ప్రపంచం మెచ్చిన కవయిత్రి, ఆవిడకి వంతు పడిన పని భోజనాల బల్లల దగ్గర కత్తులు తియ్యడం, రాత్రిపూట వాటిని కడిగి తుడవడం. రసాయనశాస్త్రం చదివి వచ్చి కత్తులు తుడిచిందన్నమాట.

"అదేం చదువండీ, ఇంట్లో చాకిరీయే అక్కడా!" అంటారేమో. చిన్న తేడా ఉంది. ఇంట్లో చాకిరీకి లెక్కాపత్రం ఉండదు. ఎవరు ఎంత చేశారో ఎవరూ చూడరు. అక్కడ పని ధనవంతుడి కూతురికీ పేదవాడి కూతురికీ సమానంగా పంచారు, గంట కొట్టి మొదలుపెట్టి గంట కొట్టి ముగించారు. రొట్టెల బృందం నాయకురాలు తన తోటి వయసు పిల్లల చేత, వాళ్ళకి కోపం తెప్పించకుండా, వందమందికి వేళకి రొట్టె పెట్టించాలి. పిండి ఎంత, కట్టెలెన్ని, ఎవరికి తలనొప్పి, ఎవరికి రేపు పరీక్ష, అన్నీ చూసుకోవాలి. 1837లో "లీడర్‌షిప్" అనే పేరుతో కోర్సు లేదు. ఆ పాఠం మాత్రం వంటింట్లో జరుగుతూనే ఉంది. మేరీ లయన్ 1849లో, 52 ఏళ్ళకే పోయింది. ఆవిడ పోయినా బడి మూతపడలేదు. శాశ్వతంగా ఉండాలని ఆవిడ పట్టుబట్టిందెందుకో అప్పుడు లోకానికి తెలిసింది.

స్వేచ్ఛ గల మనిషి చదువు అన్నాం కదా, దానికో చక్కని సాక్ష్యం ఉంది. 1883లో అక్కడ పట్టా తీసుకున్న హార్టెన్స్ పార్కర్ ఆ సంస్థలో తొలి నల్లజాతి పట్టభద్రురాలు. ఆమె తండ్రి జాన్ పార్కర్ బానిసగా పుట్టి, అమ్ముడుపోయి, పని చేసి కూడబెట్టిన డబ్బుతో తన స్వేచ్ఛని తనే కొనుక్కున్నవాడు. ఒహాయో నది దాటి పారిపోయి వచ్చే బానిసలకి ప్రాణాలకి తెగించి సాయం చేసినవాడు. స్వతంత్రులకే తగిన చదువని ఒకనాడు పేరుపడ్డదాన్ని ఒక మాజీ బానిస కూతురు పూర్తిచేసింది.

అంతా సవ్యంగా సాగిందనుకోకండి. 1873లో ఎడ్వర్డ్ క్లార్క్ అనే డాక్టరుగారు, హార్వర్డ్‌లో ప్రొఫెసరుగా చేసినాయన, ఒక పుస్తకం రాశారు. ఆడపిల్లలు మగపిల్లల్లాగా బుర్ర బద్దలు కొట్టుకుని చదివితే ఒంట్లో సత్తువ మెదడుకే పోయి, బిడ్డల్ని కనే శక్తి దెబ్బతింటుందని దాని సారాంశం. ఆధారం ఏమిటంటే తను చూసిన కొద్దిమంది రోగుల కథలు. ఆ పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. ఎందరి తల్లిదండ్రులు భయపడి అమ్మాయిల చదువు మాన్పించారో!

చదువుకున్న ఆడవాళ్ళు ఏం చేశారనుకున్నారు? ఏడవలేదు, తిట్టలేదు. లెక్క కట్టారు. కాలేజీల్లో చదివి వచ్చిన స్త్రీలంతా కలిసి 1880ల మొదట్లో ఒక సంఘం పెట్టుకున్నారు. మీ ఆరోగ్యం ఎలా ఉంది, చదువుకి ముందెలా ఉండేది, తరవాతెలా ఉంది అని ప్రశ్నలు అచ్చువేయించి పట్టభద్రులకి పంపారు. 705 మంది జవాబులు రాశారు. వాటిని మసాచుసెట్స్ రాష్ట్ర గణాంక శాఖ సాయంతో క్రోడీకరించి 1885లో ప్రకటించారు. నూటికి సుమారు 78 మంది ఆరోగ్యంగా ఉన్నారని తేలింది. ఒక పెద్దమనిషి పదిమందిని చూసి చెప్పిన మాటకి ఏడు వందలమంది అంకెలతో జవాబు చెప్పారన్నమాట. లెక్కలు రాకపోతే ఆ జవాబు వాళ్ళకి దొరికేదే కాదు.

1893 నాటికి సెమినరీ పూర్తిగా కాలేజీ అయింది. 1902 బ్యాచిలో ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అనే అమ్మాయి చదివింది. ముఖ్యవిషయం భౌతికశాస్త్రం. దానికి తోడు రసాయనశాస్త్రం, జీవశాస్త్రం. అయితే ఆవిడ జీవితాన్ని మళ్ళించింది ఇంకో క్లాసు. చరిత్ర చెప్పే అన్నా మే సోల్ అనే ప్రొఫెసరు, పుస్తకాలు మూసి, పక్క ఊరు హోల్యోక్‌లో ఉన్న మిల్లులకి వెళ్ళి రమ్మని విద్యార్థినుల్ని పంపేది. ఆడవాళ్ళూ పిల్లలూ ఎన్ని గంటలు పని చేస్తున్నారు, కూలి ఎంత, దెబ్బ తగిలితే ఎవరు చూస్తున్నారు, చూసి రాసుకు రండి అనేది. చరిత్రా, అర్థశాస్త్రమూ, అంకెలూ ఒకే నోటు పుస్తకంలో కలిశాయి. ఇప్పుడు దాన్నే ఇంటర్‌డిసిప్లినరీ అని నోరు తిరగని పేరుతో పిలుస్తున్నారు. మన భాషలో చెప్పాలంటే విషయాల మధ్య గోడలు తీసేసి కలబోసి చదవడం. ఆ తరగతికి అధ్యక్షురాలిగా తోటివాళ్ళు ఎన్నుకున్నది కూడా ఫ్రాన్సెస్‌నే.

1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ కాలిపోయింది. తలుపు తాళం వేసి ఉంది. 146 మంది చనిపోయారు, ఎక్కువమంది పడుచుపిల్లలు. దగ్గర్లోనే ఒక ఇంట్లో ఉన్న పెర్కిన్స్ పరిగెత్తుకుంటూ వెళ్ళి, కిటికీల్లోంచి దూకుతున్నవాళ్ళని కళ్ళారా చూసింది. చూసి ఏడ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈవిడ ఆ తరవాత ఏళ్ళ తరబడి ఫ్యాక్టరీల్లో తలుపులెన్ని, మెట్లెన్ని, మనుషులెంతమంది అని లెక్కలు తీసి చట్టాలు చేయించడానికి పాటుపడింది. 1933లో రూజ్‌వెల్ట్ ఆవిణ్ణి కార్మికశాఖకి మంత్రిణిగా వేసుకున్నాడు. అమెరికా కేంద్ర మంత్రివర్గంలో మొట్టమొదటి స్త్రీ ఆవిడే. పన్నెండేళ్ళు పనిచేసింది. ముసలితనంలో పింఛను, ఉద్యోగం పోతే భృతి ఇచ్చే సోషల్ సెక్యూరిటీ చట్టం 1935లో రావడంలో ఆవిడ చెయ్యి పెద్దది. కోట్లమంది జీతాల్లోంచి ఎంత కోస్తే, ఎన్నేళ్ళ తరవాత ఎంతమందికి ఎంత ఇవ్వొచ్చో తేల్చే చట్టం అది. జాలి ఒక్కటే ఉంటే అలాంటి చట్టం తయారవదు.

ఇక మన కాలానికి వద్దాం. ఒక చిక్కు ప్రశ్న మిగిలింది. సైన్సు చదివే అమ్మాయి ఎలాగూ లెక్కలు చేస్తుంది. మరి చరిత్రో సాహిత్యమో చదివే అమ్మాయికి ఏ గణితం చెప్పాలి? స్కూల్లో భయపెట్టిన లెక్కలే మళ్ళీ చెబితే మళ్ళీ భయపడుతుంది. "నీకింతకన్నా రాదులే" అని తేలిక లెక్కలు చెబితే అది అవమానం.

మౌంట్ హోల్యోక్‌లో దీనికి కొన్ని దార్లు వెతికారు. 1982లో హైస్కూలు ఆడపిల్లల కోసం వేసవి గణిత శిబిరం మొదలుపెట్టారు. ఆ దశాబ్దం చివరికల్లా ఒక కొత్త కోర్సు తయారైంది. అందులో మొదటి పాఠం మంత్రగత్తెలు! 1692లో మసాచుసెట్స్‌లోనే సేలంలో చేతబడి చేస్తున్నారని నింద వేసి 19 మందిని ఉరితీశారు, వాళ్ళల్లో 14 మంది ఆడవాళ్ళు. ఆ ఊరి పాత పన్నుల చిట్టాలు ఇప్పటికీ ఉన్నాయి. ఊరి మతగురువుని సమర్థించినవాళ్ళెవరు, వ్యతిరేకించినవాళ్ళెవరు అనే జాబితాలూ ఉన్నాయి. నింద వేసే పక్షం బీదవాళ్ళా, కలిగినవాళ్ళా? సగటు పన్ను కట్టి చూడండి. జాబితాలో ఒక్క కోటీశ్వరుడుంటే సగటు పైకి పోతుంది కదా, అప్పుడేం చెయ్యాలి? ఈ తేడా నిజమైనదా, కాకతాళీయమా? లెక్క చేసి ఊరుకుంటే కుదరదు, దాని అర్థమేమిటో వ్యాసం రాయాలి.

1974లో ఇద్దరు చరిత్రకారులు ఈ చిట్టాలే తిరగేసి, మతగురువు పక్షంవాళ్ళు సగటున తక్కువ కలిగినవాళ్ళని, ఊళ్ళో ఆస్తి తగాదాలకీ ఆ నిందలకీ సంబంధం ఉందని రాశారు. తరవాత ఇంకొకరు ఊరి పటం మళ్ళీ సరిచూసి, అది అంత సూటిగా లేదన్నారు. దీన్నిబట్టి పిల్ల నేర్చుకునేదేమిటి? అంకె ఎవరో చెబితే నమ్మేది కాదు, ఎలా వచ్చిందో అడిగి తెలుసుకునేది అని. ఇంకో కోర్సులో కంప్యూటరు మీద ప్రయోగశాలలోలాగా అంకెలతో ఆడుకుంటూ, వరస కనిపెట్టి, ఇలా అయి ఉంటుందని ఊహించి, ఆ తరవాత రుజువు చెయ్యడం నేర్పారు. ఆ పాఠాలు 1997లో పుస్తకంగా కూడా వచ్చాయి. 1990ల చివర్లో నాయకత్వానికి ఒక కేంద్రం ప్రత్యేకంగా పెట్టారు. అక్కడ ముఖ్యంగా నేర్పించింది పదిమందిలో మాట్లాడటం, వాదించడం, రాయడం. పాత ఏడు కళల్లో మొదటి మూడూ ఇవేగా మరి!

మనకీ ఆ కాలేజీకీ ఒక చుట్టరికం ఉంది. తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, 1915లో మద్రాసులో విమెన్స్ క్రిస్టియన్ కాలేజి పెట్టారు. దాన్ని మౌంట్ హోల్యోక్ తన సోదరి కళాశాలగా స్వీకరించింది. ఆరు సెంట్ల చందాతో మొదలైన ఆలోచన సముద్రాలు దాటి మన గుమ్మం దాకా వచ్చిందన్నమాట.

మన ఇళ్ళల్లో పదో తరగతి కాగానే ఆర్ట్స్ గ్రూపు తీసుకున్న అమ్మాయి, "అమ్మయ్య, లెక్కల పీడ వదిలింది" అనుకుంటుంది. మనమూ అలాగే అనుకుంటాం. కాని ఆ అమ్మాయి రేపు చీటీ వేస్తుంది, ఇంటికి అప్పు తీసుకుంటుంది, బీమా కడుతుంది, పిల్లాడి స్కూల్లో తల్లిదండ్రుల మీటింగులో కూర్చుంటుంది, ఓటు వేస్తుంది. ప్రతిచోటా ఎవరో ఒకాయన కాగితాల కట్ట ముందు పెట్టి, వేలితో చూపిస్తూ, "ఇక్కడ సంతకం పెట్టండమ్మా" అంటాడు. పెన్ను మూత పెట్టేసి, "పెడతానండీ, ముందు ఈ అంకె ఎలా వచ్చిందో చెప్పండి" అనగలగాలి ఆ పిల్ల. ఏ గ్రూపు తీసుకున్నా సరే, ఆ ఒక్క మాట అనడానికి సరిపడా లెక్కలు మాత్రం వదలనివ్వకండి.